బావ బీకన్

మా తమ్ముడి చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాన్ని వేళాకోళం చేయాలి, తర్వాతే వాడాలి. మా డైవింగ్ స్కూలుకి కొత్త బీకన్లు వచ్చిన రోజు, రిసీవర్‌లో పేర్లు ఎక్కించే పని ఓనరు వాడికే అప్పగించాడు. బుద్ధున్నవాడైతే పేర్లు పేర్లలాగే రాస్తాడు. వీడు మా ఆయన బీకన్‌కి "బావ" అనీ, తన బీకన్‌కి "హీరో" అనీ కొట్టి కూర్చున్నాడు. ఓనరు చూసి నవ్వాడే గానీ మార్చమనలేదు. ఇక అవే ఖాయమైపోయాయి.

బీకన్ అంటే ఏమీ లేదు, అరచేతిలో పట్టేంత నారింజరంగు డబ్బా. నీటి అడుగున అది పనిచేయదు. పైకి తేలాక మూత తీసి, యాంటెన్నా లాగి, బటన్ నొక్కాలి. అప్పుడు బోటులోనూ, ఒడ్డున మా గదిలోనూ రిసీవర్ మోగుతుంది. తెర మీద పేరూ, మనిషి ఉన్న చోటూ కనిపిస్తాయి. నడిసముద్రంలో మనిషి తల ఏపాటిది? అలలు లేచాయంటే పక్కనుంచి బోటు వెళ్లినా కనిపించదు. అందుకే ఆ డబ్బా.

నాది ఒడ్డున పని. సిలిండర్లలో గాలి నింపాలి, తడిసిన సూట్లు మంచినీళ్లలో జాడించి ఆరేయాలి, బీకన్లు చార్జింగులో పెట్టాలి. పొద్దున్నే ఒక్కోదాన్నీ నొక్కి చూసేదాన్ని. తెర మీద "బావ" అని పడగానే తమ్ముడు "బావ లేచాడహో" అనేవాడు. "హీరో" అని పడితే మా ఆయన "ఆఁ, దొరగారికి ఇప్పటికి తెల్లారింది" అనేవాడు. రోజూ ఇదే తంతు. అలా అలా పేరు కనిపిస్తే మనిషి కనిపించినట్టేనని మాకందరికీ అలవాటైపోయింది. అది డబ్బా పేరే గానీ మనిషి కాదని ఒక్కరికీ తట్టలేదు.

నాకు నోరెక్కువ. ఆ సంగతి జెట్టీ మీద వాలే పక్షులకు కూడా తెలుసు. అమ్మ పోయాక తమ్ముణ్ని నేనే పెంచాను. వాడి మీద ఈగ వాలనిచ్చేదాన్ని కాదు. తిట్టడం మాత్రం నేనే తిట్టేదాన్ని. బీకన్ పట్టీ పక్కటెముకలకి గుచ్చుకుంటోందని, నేను చూడకుండా తీసి బోటులో పడేసేవాడు వెధవ. "గుచ్చుకుంటే గుచ్చుకోనీరా, ప్రాణం మీదికొస్తే ఎవడు దిక్కు?" అని చెవినిల్లు కట్టుకుని పోరేదాన్ని. "అలాగేలే అక్కా" అనేవాడు. ఆ అలాగేలే వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

వాడితో లాభం లేదని మా ఆయన్ని పట్టుకున్నాను. బోటు ఎక్కేముందు రోజూ ఒకటే మాట. "వాడు లేకుండా ఇంటికి రావద్దు. గుమ్మంలో కాలు పెట్టనివ్వను." ఆయన బోటు డ్రైవరు వైపు తిరిగి, "సముద్రానికి నేను భయపడను బాబూ, ఈవిడకే నా భయమంతా" అనేవాడు. ఆయన నా మాటకి ఏనాడైనా విలువిచ్చాడా అంటే అదీ లేదు. కారం తగ్గించమంటే తగ్గించడు, తడి తువ్వాలు మంచం మీద వేయొద్దంటే అక్కడే వేస్తాడు. నవ్వి ఊరుకునే మనిషితో ఎంతసేపని పోట్లాడతాం?

ఆ రోజు కస్టమర్లు లేరు. రాళ్లగుట్ట దగ్గర బోట్లు కట్టుకునే, నీటి మీద తేలే బోయాకి అడుగున గొలుసు అరిగిందేమో చూడాలని మా ఆయనా తమ్ముడూ దిగారు. వాళ్లు దిగాక పైన వాన అందుకుంది. కింద ప్రవాహం మళ్లింది. పైకి రావలసిన వేళ దాటినా తలలు కనిపించలేదని బోటు డ్రైవరు రేడియోలో చెప్పాడు. ఓనరు అప్పటికప్పుడు రెస్క్యూ వాళ్లకి కబురు పెట్టాడు. నేను రిసీవర్ ముందు కూర్చున్నాను. చేతిలో సగం జాడించిన గ్లౌజు ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేదు.

ఎంతసేపటికో మోగింది. తెర మీద "బావ" అని పడింది.

ప్రాణం లేచివచ్చింది. రెండో పేరు కోసం కళ్లు చిట్లించుకుని చూశాను. "బావ" అన్న అక్షరాలు వెలుగుతున్నాయి, వాటి కింద జాగా ఖాళీగానే ఉంది. వీడు మళ్లీ డబ్బా వదిలేసి దిగాడని అప్పుడే అర్థమైంది. బోటు డ్రైవరుని అడిగితే, సీటు కింద ఉందన్నాడు. మా ఆయన ఉన్నాడని సంతోషించాలో, నా చేత్తో పెంచిన పిల్లాడు పోయాడని ఏడవాలో తెలియలేదు. రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇంతలో రెస్క్యూ బోటు వాళ్లు రేడియోలో చెప్పారు. వాళ్లకి మా వాళ్ల మొహాలు తెలియవు.

"సిగ్నల్ ఇచ్చిన మనిషి దొరికాడండీ. ఊపిరుంది. తీసుకొస్తున్నాం."

"మీ ఆయన దొరికాడమ్మా" అన్నాడు ఓనరు. నేను తల ఊపాను.

ఆయన చొక్కా, పొడి తువ్వాలు, ఫ్లాస్కులో టీ తీసుకుని జెట్టీ చివరికి వెళ్లి నిలబడ్డాను. వాన వెలిసింది. అక్కడ నిలబడి తమ్ముడి కోసం ఏడ్చాను. ఏడుస్తూనే ఆయన్ని ఏమని నిలదీయాలో మాటలు కూర్చుకున్నాను. వాడేడి? వాణ్ని వదిలేసి ఏ మొహం పెట్టుకుని వచ్చావు? ఆయన తప్పేమీ ఉండదని నాకు తెలుసు. అయినా అడిగి తీరతాను. ఆయన్ని కాకపోతే ఎవర్ని అడగను?

బోటు దగ్గరికి వస్తుంటే దుప్పటి కప్పుకుని ఒకడు కూర్చుని కనిపించాడు. భుజాలు సన్నగా ఉన్నాయి. బోటు ఇంకా కట్టనేలేదు, నాకు తెలిసిపోయింది. ఆ దుప్పటి సందులోంచి, మా తమ్ముడి గుండెల మీద, ఆయన బీకన్ ఇంకా వెలిగి ఆరుతోంది.

"బావేడిరా?" అన్నాను. వాడు నా మొహం చూడలేదు. తెచ్చిన చొక్కా వాడికే తొడిగాను. చొక్కా చేతులు వాడి మునివేళ్లు దాటి వేలాడాయి. అప్పుడు నా లోపల ఒక పాడు మాట మెదిలింది. నువ్వెందుకొచ్చావురా అని. బయటికి రానివ్వలేదు. కానీ వాడికి వినబడే ఉంటుంది. చిన్నప్పటినుంచీ నా మొహం చదవడం వాడికి బాగా వచ్చు.

రోజుల తరబడి వెతికారు. చివరికి ఓనరు మా ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఇక ఆపేస్తున్నారమ్మా" అన్నాడు.

తమ్ముడు ఇంటికి రావడం మానేశాడు. స్కూలు గిడ్డంగిలో ఆరేసిన సూట్ల మధ్య చాప వేసుకుని పడుకుంటున్నాడు. గడ్డం మాసింది. నేను పెట్టి వచ్చిన కంచం పెట్టినట్టే ఉంటోంది. ఒక మధ్యాహ్నం వెళ్లి వాడికి ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పు" అన్నాను. "తిట్టను."

"తిట్టు అక్కా. నువ్వు తిట్టకపోతే భయమేస్తోంది."

"ముందు చెప్పరా."

చెప్పాడు. పైకి తేలేసరికి బోటు కనుచూపు మేరలో లేదు. వాడి కాలు కొంకర్లు పోయింది, ఈదలేకపోయాడు. ఆయన బీకన్ తీసి నొక్కి, వీణ్ని కూడా తీయమన్నాడు. వీడి ఛాతీ మీద పట్టీయే లేదు. ఆయనకి అర్థమైంది.

"ఒక్క మాట అనలేదక్కా. తనది విప్పి నాకు కట్టేశాడు. వద్దు బావా, నీ దగ్గరే ఉంచుకో, ఇద్దరం కలిసే ఉన్నాంగా అన్నా. అల కొట్టి విడిపోతే నేను ఈదగలను, నువ్వు ఈదలేవు అన్నాడు. ఆ తర్వాత..."

"ఆ తర్వాత ఏంట్రా?"

"నవ్వాడు. నువ్వు లేకుండా వెళ్తే మీ అక్క నన్ను గుమ్మం తొక్కనివ్వదు, తెలుసుగా అన్నాడు."

గిడ్డంగిలో సూట్లలోంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతున్నాయి.

"బావ అన్నట్టే అయింది అక్కా. పెద్ద అల వచ్చింది. చెయ్యి జారిపోయింది. వానలో ఏమీ కనబడలేదు. నేనున్నా, కదలకు అని అరుస్తూనే ఉన్నాడు. నేనూ అరిచా. తర్వాత నా అరుపొక్కటే మిగిలింది."

ఇన్నేళ్ల కాపురంలో నా మాట ఒక్కటి విన్న మనిషి కాదు. ఈ ఒక్కటీ విన్నాడు. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఎన్ని మాటలు అన్నాను, వాటిలో ఏది వినాలో తెలియదా మనిషికి? తమ్ముడి తల నా ఒళ్లోకి లాక్కుని, గుండె పగిలేలా ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. ఆ సాయంత్రం వాణ్ని ఇంటికి తీసుకొచ్చి, కంచం ముందు పెట్టి, "తింటావా, చెంప పగలగొట్టనా?" అన్నాను. తిన్నాడు.

కొన్నాళ్లకి వాడు మళ్లీ పనిలోకి దిగాడు. వాడికి తెలిసిన పని అదొక్కటే. రిసీవర్‌లో ఆ పేరు తీసేద్దామా అని ఓనరు మెల్లగా అడిగాడు. వద్దన్నాను. తమ్ముడు తన డబ్బా పక్కకి నెట్టి, "నాకు బావది ఇవ్వక్కా" అన్నాడు.

నొక్కి చూశాను. తెర మీద "బావ" అని పడింది. బటన్ ఆపి, మూత పెట్టి, పట్టీ వాడి ఛాతీకి నేనే బిగించాను. అలవాటు కొద్దీ పక్కకి తిరిగి నోరు తెరిచాను. వాడు లేకుండా ఇంటికి రావద్దని చెప్పడానికి అక్కడ మనిషి లేడు. ఆ మాట మింగేసి తమ్ముడి వైపు తిరిగాను.

"గుచ్చుకుంటోందా?" అని అడిగాను.

"గుచ్చుకుంటోంది అక్కా."

"గుచ్చుకోనీ" అన్నాను. "వెళ్లి రా."