పాటలున్న డబ్బా నాకెందుకు

అరుంధతి గొంతు పోయి ఏడాది దాటింది. థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరమేదో దెబ్బతిన్నదట. అప్పటి నుంచీ ఆమె ఏం మాట్లాడినా గుసగుసలాగే వస్తుంది. అరవొద్దన్నాడు డాక్టరు. పాడొద్దని మాత్రం అనలేదు. ఆ సంగతి ఆమె బాగా గుర్తు పెట్టుకుంది.

చిక్కడపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంటు ముందు సందులో బతుకమ్మ ఆడితే పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. ఆమె ఒక చరణం అంటే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా 'ఉయ్యాలో' అని అందుకోవాలి. పోయినేడు ఎవరో ఫోన్లో పాటలు పెట్టి, ఆమెకు పక్కన కుర్చీ వేశారు. అందరూ చప్పట్లు కొడుతూ తిరిగారే గాని ఒక్కరూ నోరు విప్పలేదు. పాడే పని ఫోనుది కదా, తమకెందుకు శ్రమ! అరుంధతికి ఒళ్లు మండిపోయింది. తిడదామంటే గొంతు లేకపాయె.

ఈ ఏడు పక్క ఫ్లాట్ నళిని ఇంకో అడుగు ముందుకేసింది. నళిని వాళ్లది రాజమండ్రి వైపు, తాతల నాడే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మంచి మనిషి. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కంతా.

"పిన్నిగారూ, ఈసారి పెద్ద బ్లూటూత్ స్పీకర్ కొనేద్దామండీ. పాటలు వాటంతటవే వస్తూ ఉంటాయి. మీరు హాయిగా కూర్చుని చూడండి."

"చూడనీకి నేను సినిమాకొచ్చిన్నా?" అంది అరుంధతి. నళినికి వినబడలేదు. నవ్వేసి వెళ్లిపోయింది.

కొనుక్కొచ్చే పని అరుంధతి కోడలు రాగిణి మీద పడింది. రాగిణి బండి తాళం చేతిలోకి తీసుకునేసరికి అత్త చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

నారాయణగూడ చౌరస్తా దగ్గర శ్రీపతి దుకాణం. ఆయన ముందుగా డమరుకంలాంటి స్పీకర్ ఒకటి తీసి, ఒకటే పొగడడం మొదలుపెట్టాడు. "ఇది వానల తడిసినా ఏం కాదమ్మా. నీళ్లల్ల పడ్డా పాడుతది."

"నేను నీళ్లల్ల పడి పాడనీకి పోతలేను."

శ్రీపతి ఆమె వైపు చూడకుండా రాగిణిని అడిగాడు. "అమ్మ ఏమంటున్నది?" ఏడాదిగా ఇదే తంతు. ఆమె మాట్లాడితే జవాబు పక్కనున్న వాళ్లకు పోతుంది. కూరగాయల దగ్గరా అంతే, బ్యాంకులోనూ అంతే. మనిషి బతికుండగానే తన తరఫున ఇంకొకరు మాట్లాడడమంటే ఏమిటో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది.

శ్రీపతి ఇంకోటి మోగించాడు. అరలో ఉన్న పెట్టెలు కూడా దడదడలాడాయి. "బేస్ చూడుర్రి అమ్మా, గుండెల్ల కొడుతది!" అది వద్దంటే, చిన్నదొకటి గల్లాపెట్టె మీద పెట్టాడు. "దీన్లనే దేవుడి పాటలు వేలకు వేలు ఎక్కించి వస్తయి. పెద్దవాళ్లంత ఇదే కొంటరు."

ఇక అరుంధతి ఊరుకోలేదు. చేత్తో గల్లాపెట్టెను ఫట్‌మని చరిచింది. శ్రీపతి ఉలిక్కిపడి, మొదటిసారి ఆమె ముఖం చూశాడు.

"పాటలున్న డబ్బా నాకెందుకయ్యా? పాటలు నాకాడ మస్తున్నయి. బయటికి వచ్చే తోవ కావాలె. మైకున్నది తీయి."

ఈసారి ఆయనకు వినబడింది. పై అరలోంచి చిన్న సూట్‌కేసంత స్పీకర్ దించి, మైకు ఆమె చేతికిచ్చాడు. అరుంధతి నోటి దగ్గర పెట్టుకుని అంది.

"నేను అరుంధతిని."

కొబ్బరి చిప్ప గీకినట్టున్న గొంతు దుకాణమంతా నిండింది. ఫోన్లు చూసుకుంటున్న వాళ్లు తలలెత్తారు. రాగిణి ముఖం ఎర్రబడింది.

"అత్తమ్మా, జర మెల్లగ!"

"మెల్లగనే అన్ననే. ఏడాది సంది మెల్లగనే అంటున్న."

ఆ స్పీకరే కొని ఇంటికి తెచ్చారు. లిఫ్టులో రాగిణి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నవ్వుతరు అత్తమ్మా. నిన్ను చూసి ఎవరన్న నవ్వితే నాకు పానం ఆగది."

"నవ్వనీ. నవ్వనీకన్న నోరు తెరుస్తరు గద."

సద్దుల బతుకమ్మ సాయంత్రం. సందు మధ్యలో బతుకమ్మలు పెట్టారు, తంగేడు, గునుగు, బంతి రంగులతో కళకళలాడుతున్నాయి. నళిని అప్పటికే తన ఫోను స్పీకర్‌కు కలిపేసింది. పాట మొదలైంది, ఆడవాళ్లు తిరగడం మొదలుపెట్టారు. అరుంధతి కోసం కుర్చీ సిద్ధంగా ఉంది. ఆమె కుర్చీని చూడనైనా చూడలేదు, నేరుగా స్పీకర్ దగ్గరికెళ్లి బ్లూటూత్ బటన్ నొక్కింది. పాట ఠక్కున ఆగిపోయింది.

"అయ్యో, పిన్నిగారూ!" అంది నళిని.

అరుంధతి మైకు అందుకుంది.

"గొంతు కోసిన్రమ్మ ఉయ్యాలో,
పాట కోయలేదు ఉయ్యాలో..."

అప్పటికప్పుడు కట్టిన చరణం. గరగరమంటూ, మధ్యలో తెగుతూ సందు చివరిదాకా పోయింది. ఎవరూ అందుకోలేదు. చప్పట్ల కోసం ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. కొందరు జాలిగా చూశారు. ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అయినా అరుంధతి మళ్లీ అదే చరణం పాడింది. మళ్లీ ఎవరూ అందుకోలేదు.

రాగిణి పరుగున వచ్చి చెయ్యి చాపింది. "మైకు నాకియ్యి అత్తమ్మా. నేను పాడుత. నువ్వు కూసో."

"నీకు మైకెందుకే?"

ఆ మాట కూడా మైకులోంచే వచ్చింది. పై అంతస్తుల బాల్కనీల్లో ఉన్నవాళ్లు కూడా విన్నారు.

"నీకు గొంతున్నది. ఈడున్నోళ్లందరికీ ఉన్నది. లేనిదాన్ని నేనొక్కదాన్నే, నేనే పాడుతున్న. మీకేమొచ్చింది రోగం?"

నళిని తలవంచుకుంది. మొదట ఆమె నోటి నుంచే వచ్చింది, శ్రుతి తప్పి, బెరుగ్గా, "ఉయ్యాలో" అని. రాగిణి చేయి దించేసి గట్టిగా అందుకుంది. తర్వాత ఒక్కొక్కరే గొంతు కలిపారు, చప్పట్లు పడ్డాయి, వలయం కదిలింది.

మూడో చరణం దగ్గర అరుంధతి గొంతు పూర్తిగా ఆగిపోయింది. స్పీకర్‌లోంచి ఉత్త గాలి వచ్చింది. ఆమె మైకు దించలేదు, ఎవరికీ ఇవ్వలేదు. కళ్లు మూసుకుని ఊపిరి కూడదీసుకుంటోంది. ఈసారి మైకు అడగడానికి ఎవరూ రాలేదు. ఫోను పెడదామని కూడా ఎవరూ అనలేదు. ఆమెకు మళ్లీ గొంతు వచ్చేదాకా సందంతా ఉయ్యాలో, ఉయ్యాలో అంటూనే తిరిగింది.