బెంచీ చివరి చోటు

బస్సు ముందద్దం మీద ఎండి అతుక్కుపోయిన పురుగులను రైనోల్డ్ తడిగుడ్డతో నానబెట్టి గోటితో గీకుతున్నాడు. నీళ్లు చిమ్మే యంత్రం కింద పెడితే పోతాయని కుర్ర డ్రైవర్లు చెబుతారు గాని అతనికి నమ్మకం లేదు. పొడవాటి మనిషి. ఏళ్ల తరబడి స్టీరింగు మీదకు వంగి వంగి, నడిచేటప్పుడు కూడా కూర్చున్నట్టే ఉంటాడు. చేతులు మాత్రం డ్రైవరు చేతుల్లా ఉండవు. వయసులో ఉండగా తోళ్ల కర్మాగారంలో సున్నపు నీళ్లలో నానిన ఆ వేళ్లు ఇప్పటికీ గోళ్ల చుట్టూ పసుపుపచ్చగా, బిరుసుగా ఉంటాయి.

బస్సుకు రెండు పక్కలా ఎర్లెన్‌ఫెల్ట్ బాస్కెట్‌బాల్ జట్టు గుర్తు: ఆకుపచ్చ వలయంలో చాపలా పరిచిన ఎద్దు తోలు. కర్మాగారం ఎప్పుడో మూతపడింది. ఊళ్లో తోలు వాసనన్నదే లేదు. అయినా ఈ బస్సును చూడగానే పైఊళ్ల వాళ్లు ఇప్పటికీ ముక్కు మూసుకుంటారు.

జట్టు వ్యవహారాలు చూసుకునే స్వెన్యా కారు దిగి గబగబా వచ్చింది.

"రైనోల్డ్, లోథార్‌కి రాత్రి గుండెల్లో పట్టేసిందట. ఆసుపత్రిలో పెట్టారు. కంగారేం లేదు, ఇందాక ఫోన్లో నన్నే ఆటపట్టించాడు. కానీ ఇవాళ రాలేడు."

"అయ్యో! మరి సామానెవరు చూస్తారు?"

"అదే అడుగుదామని వచ్చా. ఇవాళ్టికి మీరు బెంచీ మీద కూర్చుంటారా? తువ్వాళ్లు, నీళ్లు అందివ్వడం, అంతే."

రైనోల్డ్ గుడ్డను అవసరమైన దానికంటే ఎక్కువసేపు పిండాడు.

"నాకు బస్సుంది కదమ్మా."

"బస్సెక్కడికి పోతుంది రైనోల్డ్!"

"సరేలే, ఎవరూ లేరంటున్నావుగా," అన్నాడు, పెద్ద భారం ఎత్తుకుంటున్నవాడిలా. ఆమె అటు తిరగగానే వెళ్లి బస్సు పక్కద్దంలో తల దువ్వుకున్నాడు.

ఆ చోటు కోసం అతను ఎన్నేళ్లుగా కడుపుమంటతో ఉన్నాడో ఎవరికీ తెలియదు. భార్య గుడ్రున్‌కు కూడా పూర్తిగా తెలియదు. తెలిసుంటే టీవీలో ఆట వచ్చినప్పుడల్లా "అదిగో, లోథార్! ఎంత బాగా కనిపిస్తున్నాడో!" అని వేలు పెట్టి చూపించేది కాదు.

రైనోల్డ్, లోథార్ ఒకే వీధిలో పుట్టారు. ఒకే షెడ్డులో పచ్చితోళ్లకు అంటుకున్న మాంసం గీకారు. అప్పట్లో జట్టు బడి వ్యాయామశాలలో ఆడేది. గోడకు కొట్టిన కర్రనిచ్చెనలెక్కి వేలాడుతూ ఇద్దరూ ఆట చూసేవారు. గెలిస్తే వీధి పొడుగునా అరుచుకుంటూ పోయేవారు, ఓడితే ఒకణ్ణొకడు తిట్టుకునేవారు. కర్మాగారం మూతపడ్డ ఏడాదే జట్టు పెద్ద లీగుకు ఎక్కింది. జట్టు సంఘం అధ్యక్షుడు రోడ్డున పడ్డ పనివాళ్లలో ఇద్దరికి పని ఇస్తానన్నాడు, ఒకరికి బస్సు మీద, మరొకరికి జెర్సీలూ బంతులూ చూసుకోవడం. రైనోల్డ్‌కు సైన్యంలో తెచ్చుకున్న లారీ లైసెన్సు ఉంది. లోథార్‌కు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. కాబట్టి బస్సు రైనోల్డ్‌కు వచ్చింది, లోథార్ బెంచీ చివర కూర్చున్నాడు. చేతకానందుకు దక్కిన సింహాసనం అది. ఆ మాట రైనోల్డ్ ఎన్నడూ పైకి అనలేదు. రోజూ లోపల అనుకున్నాడు.

జట్టు ఛాంపియన్ అయిన సాయంత్రం రైనోల్డ్ హాలు వెనక ఉన్నాడు. అంబులెన్సుకు అడ్డంగా ఉందని పోలీసులు బస్సు పక్కకు తీయమన్నారు. రివర్సు గేరులో ఉండగా గోడ అవతల హోరు పుట్టింది. దిగి పరుగెత్తేసరికి తలుపుల దగ్గర జనం. కప్పు ఎత్తడం, ఫోటో తీయడం అన్నీ అయిపోయాయి. ఆ ఫోటో ఇప్పటికీ వీధి చివరి రొట్టెల దుకాణంలో వేలాడుతోంది. రెండో వరుసలో, భుజాన తువ్వాలుతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న లోథార్. పొద్దున్నే రొట్టెలు కట్టిస్తూ రైనోల్డ్ ఆ ఫోటో కేసి చూడకూడదనుకుంటాడు, చూస్తాడు.

తర్వాత జట్టు రెండు కప్పు ఫైనళ్లు ఓడింది. డబ్బులేక లీగులో ఆడే లైసెన్సు పోగొట్టుకుని కింది లీగుకు దిగింది, మళ్లీ ఎక్కింది. కోచ్‌లు మారారు, హాలు మారింది, బస్సులు మారాయి. లోథార్ చోటు మారలేదు. ఒకసారి జాలిపడి రైనోల్డ్‌కు పైవరుసలో టికెట్ ఇవ్వబోయారు. "నాకు బస్సులో రేడియో ఉందిలే," అన్నాడు. అప్పటినుంచి ఇంకెవరూ అడగలేదు.

ఆటగాళ్లు ఎక్కుతుండగా ఫోన్ మోగింది. లోథారే.

"ఒరేయ్ రైనోల్డ్, సింహాసనం ఎక్కుతున్నావటగా!"

"నువ్వెట్లా ఉన్నావు?"

"ఒంటినిండా తీగలు పెట్టారు. రేడియోలా ఉన్నాను, మోగడం ఒక్కటే తక్కువ. ఇదిగో విను, టెరెల్‌కి రెండు తువ్వాళ్లు. ఒకటి మొహానికి, ఒకటి మోకాలికి. సీసాల మూతలు బిగించకు, చెమట చేతులతో తిప్పలేరు. కోచ్ అరుస్తుంటే ఆయన మొహంకేసి చూడకు, నీమీద పడతాడు."

"నాకు తెలుసులేరా."

"నీకేం తెలుసు? నువ్వెప్పుడు చూశావు గనక?"

ఎగతాళిగానే అన్నాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. రైనోల్డ్‌కు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. "బయల్దేరాలి," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం ఆట సీజనులో ఆఖరిది. గెలిస్తే పెద్ద లీగులో ఉంటారు, ఓడితే దిగిపోతారు. బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. కుర్ర ఆటగాడు ఫిన్ మాత్రం ముందుకొచ్చి, "లోథార్ లేకుండా ఎట్లా పెద్దాయనా? ఆయన నా బూట్ల లేసులు ముట్టుకుంటే గాని నాకు బంతి పడదు," అన్నాడు.

"లేసులు నేనూ ముట్టుకోగలను," అన్నాడు రైనోల్డ్.

"మీరు ముట్టుకుంటే బ్రేకులు పడతాయేమో!"

వెనక నలుగురు నవ్వారు. రైనోల్డ్ కూడా నవ్వాడు, ఆలస్యంగా.

వాళ్లు హాల్లోకి అడుగుపెట్టగానే ఆ ఊరి జనం వేలమంది ఒక్కసారిగా ముక్కులు మూసుకుని "కంపు! కంపు!" అని అరిచారు. ఆ అరుపు గోడల వెనకనుంచి రైనోల్డ్ ఎన్నోసార్లు విన్నాడు. ఇవాళ అది నేరుగా అతని మొహాన పడింది. అతనికి ఒళ్లు పులకరించింది. ఛాతీ ముందుకు పెట్టి, తువ్వాళ్ల దొంతర రెండు చేతుల మీదా మోసుకుంటూ, కెమెరా ఎటుందో వెతుక్కుంటూ బెంచీ చివరిదాకా నడిచాడు.

బెంచీ చివరి కుర్చీ గట్టిగా ఉంది. అక్కడినుంచి ఆట సరిగా కనబడదని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. కోచ్ యోవాన్ ఎదురుగా అటూ ఇటూ తిరుగుతుంటాడు. అతని వీపు తప్పుకుంటే లేచి నిలబడ్డ ఆటగాళ్ల తొడలు అడ్డం. కనిపించేదల్లా మోకాళ్లు, చెమట బొట్లు, అప్పుడప్పుడు గాల్లోకి లేచే బంతి. ఇంతకాలం దీనికోసమా నేను ఏడ్చింది అనుకున్నాడు. అనుకున్నా, ఆ కుర్చీని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

టెరెల్ ఊగుతూ వచ్చి కూర్చున్నాడు. రైనోల్డ్ ఒక తువ్వాలే ఇచ్చాడు. మరిచిపోయి కాదు.

"ఇంకోటి?" అన్నాడు టెరెల్.

"ఒకటి చాలదా?"

"లోథార్ రెండిస్తాడు."

రైనోల్డ్ రెండోది ఇచ్చాడు. కుర్రవాడు దాన్ని మడిచి వాచిన మోకాలి కింద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సీసాల మూతలు కూడా రైనోల్డ్ బిగించే పెట్టాడు. వాటిని ఎవరూ తిప్పలేక అతని చేతికే ఇచ్చి తీయించుకున్నారు. లోథార్ చెప్పినట్టు చేయడం ఇష్టం లేకపోయినా, మూడో భాగం మొదలయ్యేసరికి అతను మూతలన్నీ వదులు చేసి పెట్టాడు.

ఒకసారి బంతి గీత దాటి దొర్లుతూ వచ్చి అతని కాళ్లకు తగిలింది. వంగి రెండు చేతులా పట్టుకున్నాడు. గరుకుగా, వెచ్చగా, పదిమంది చెమటతో జారుతూ ఉంది. రెఫరీ చెయ్యి చాపి నిలబడ్డాడు. హాలంతా తన చేతుల కేసి చూస్తున్నట్టనిపించింది. "ఏమయ్యా, ఇంటికి పట్టుకుపోతావా?" అన్నాడు రెఫరీ. అప్పుడిచ్చాడు.

ఆట చివరికొచ్చేసరికి ఎర్లెన్‌ఫెల్ట్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఫిన్ విసిరిన బంతి వలయం అంచుకు కొట్టుకుని పైకి లేచింది. టెరెల్ ఆ మోకాలితోనే ఎగిరి, రెండు చేతులతో దాన్ని లోపలికి తోశాడు. గంట మోగింది. "కంపు" అన్న నోళ్లన్నీ మూతపడ్డాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో రైనోల్డ్‌కు వరుసగా గుర్తులేదు. ఎవరో అతని నెత్తిమీద నీళ్లు కుమ్మరించారు. ఫిన్ అతణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాడు. "పెద్దాయన వచ్చాడు, అదృష్టం తెచ్చాడు! ఇక రోజూ మీరే కూర్చోవాలి!" అని అరిచాడు. స్వెన్యా అందరినీ ఒకచోట చేర్చి ఫోటో తీసింది. రైనోల్డ్ రెండో వరుసలో నిలబడ్డాడు. తువ్వాలు భుజాన వేసుకోవడం మరిచిపోలేదు.

బస్సు తోలుతూ అతను లెక్కలు వేసుకున్నాడు. గుండె జబ్బంటే లోథార్ బరువులు ఎత్తకూడదు. తువ్వాళ్ల పెట్టెలు తక్కువ బరువేం కాదు. వాడికి ఏ కీడూ జరగక్కర్లేదు, కాస్త నీరసం ఉంటే చాలు. వచ్చే సీజను మొదలయ్యేదాకా ఇంట్లో దుప్పటి కప్పుకుని టీవీ ముందు కూర్చుంటే చాలు. "అదిగో, రైనోల్డ్!" అని వాడి భార్య మార్లిస్ వేలు పెట్టి చూపిస్తే చాలు.

వెనక పాటలు. చేలమీద సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. స్వెన్యా ఫోన్ చెవిన పెట్టుకుని మెట్ల దగ్గరకు వచ్చింది. విని, ఫోన్ కిందికి దించింది.

"రైనోల్డ్, ఎక్కడైనా ఆపండి."

"ముందు పెట్రోలు బంకుంది."

"అక్కడే."

బస్సు ఆగాక ఆమె అతనికే మొదట చెప్పింది. రెండో సగం ఆడుతుండగా లోథార్ నిద్రపోతున్నాడనుకున్నారట. మార్లిస్ స్కోరు చెబుదామని లేపబోయిందట.

ఆమె వెనక్కి వెళ్లి అందరికీ చెప్పింది. పాటలు ఆగిపోయాయి. ఒక్కొక్కరే దిగి బంకు పక్కన గడ్డి మీద నిలబడ్డారు. యోవాన్ టోపీ తీశాడు. ఫిన్ వెక్కివెక్కి ఏడ్చాడు. రైనోల్డ్ స్టీరింగు మీద చేతులు తీయకుండా కూర్చుండిపోయాడు. తెరిచిన తలుపులోంచి మాటలు వినిపిస్తున్నాయి. పన్ను నొప్పి వస్తే లోథార్ తనను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చెయ్యి పట్టుకు కూర్చున్నాడని ఒకడు. తన తల్లి ఫోన్ చేస్తే భాష తెలియకపోయినా పలకరించి నవ్వించేవాడని టెరెల్. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో లోథార్ ఉన్నాడు. ఇంతమందికి ఎప్పుడు పంచాడు వీడు తనను తాను? నాకు మిగిల్చిందేమిటి, ఎగతాళి తప్ప? నేను పోతే వీళ్లు ఏం చెప్పుకుంటారు, బస్సు కుదుపు లేకుండా తోలేవాడనా? ఆ ఆలోచన వచ్చినందుకు రైనోల్డ్‌కు సిగ్గేసింది. సిగ్గేసినా అది పోలేదు.

కర్రనిచ్చెనకు వేలాడిన ఇద్దరు పిల్లల సంగతి అతనొక్కడికే తెలుసు. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

టెరెల్ ఎక్కి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మీకు బాగా కావలసినవాడు కదా?"

"ఒకే వీధి," అన్నాడు రైనోల్డ్.

మళ్లీ బయల్దేరాక స్వెన్యా తగ్గు గొంతుతో అందరికీ చెప్పింది. "ఆ ఫోటో ఎవరూ ఎక్కడా పెట్టకండి. ఆయన పోయిన వేళకి మనం నవ్వుతూ ఉన్నట్టుంటుంది. తీసేస్తున్నాను."

ఇది కూడా వాడే పట్టుకుపోయాడు అనుకున్నాడు రైనోల్డ్. కళ్లు మసకబారాయి. అది కోపమో దుఃఖమో తేల్చుకోకుండా చేత్తో తుడుచుకుని, ముందున్న లారీని దాటకుండా దాని వెనకే నెమ్మదిగా తోలాడు.

ఊరు చేరాక అందరూ దిగిపోయారు. అతను బస్సును షెడ్డులో పెట్టి, ఎప్పటిలాగే చీపురు తీసుకుని వెనకనుంచి ఊడ్చుకుంటూ వచ్చాడు. అరటి తొక్కలు, ఖాళీ సీసాలు, మోకాలికి చుట్టుకునే పట్టీ ముక్క. తన సీటు వెనకే లోథార్ కూర్చునే సీటు. దాని కిందికి చీపురు తోస్తే ఏదో మెత్తగా అడ్డం తగిలింది.

మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టి బయటికి లాగాడు. ఇంట్లో వేసుకునే ఉన్ని చెప్పులు. ఇన్నేళ్లూ అద్దంలో లోథార్ తలా, నోరూ తప్ప అతనేమీ చూడలేదు. తన వీపు వెనక వాడు బూట్లు విప్పుకుని, సొంత ఇంట్లో ఉన్నట్టు కూర్చునేవాడని తెలియదు. రైనోల్డ్ వాటిని చెత్త సంచీలో వెయ్యలేదు, ఇంటికి తీసుకెళ్లడానికి పక్కనా పెట్టుకోలేదు. తీసిన చోటే మళ్లీ సర్దిపెట్టాడు. బూడిదరంగు ఉన్ని పలచబడిన జత అది. ఎడమదాని బొటనవేలి దగ్గర చిరుగును ఎవరో జట్టు జెర్సీల ఆకుపచ్చ దారంతో దగ్గర దగ్గర కుట్లు వేసి మూశారు.