గాజు గొట్టంలో చెవులమ్మ

చీమ చిటుక్కుమన్నా పట్టేసే చెవులు ఆవిడవి. ఇంట్లోనే కట్టుకున్న రికార్డింగు గదిలో మైకు ముందు కూర్చుని కథలు చదివేది మొగుడైతే, అద్దానికి ఇవతల కూర్చుని "మళ్లీ చదవండి, గుటక వినిపించింది" అని ప్రాణం తీసేది ఆవిడ. తెలిసినవాళ్లంతా చెవులమ్మ అనేవారు. ఆ చెవులే కొంప ముంచాయి.

ఆ రోజు కరెంటు పోయింది. పెరట్లో పెట్టిన జనరేటరు మోత మైకులో పడుతోందని, చెవులమ్మ దాన్ని తను కూర్చునే గది పక్కనున్న సామాన్ల గదిలోకి లాగించి, కిటికీలు బిగించి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కింది. మోత ఆగింది. పొగలోని విషవాయువు మాత్రం ఆగలేదు. దానికి వాసనా లేదు, చప్పుడూ లేదు. మందపాటి తలుపు వెనకున్న మొగుడికి తలనొప్పితో సరిపోయింది. చెవులమ్మ కుర్చీలోంచి జారిపడింది.

ఆసుపత్రిలో ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు, తేరుకుంది. తర్వాత ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కించే గాజు గొట్టంలో పడుకోబెట్టారు. మనిషి పట్టేంత గొట్టం, బయటినుంచి గడియ. బయటికొచ్చేసరికి చీర చెమటతో తడిసి ముద్దయింది.

"బతికుండగా పెట్టెలో పెట్టారండీ నన్ను. ఇంక చచ్చినా ఎక్కను" అంది.

"ఇప్పుడు బాగానే ఉంటుందమ్మా. ఇంకొన్నిసార్లు గొట్టంలో పడుకోకపోతే, కొన్ని వారాలయ్యాక మెదడు మీద దెబ్బ బయటపడొచ్చు" అన్నాడు డాక్టరు.

మొగుడు కాళ్లావేళ్లా పడ్డాడు. ససేమిరా అంది. "గుండ్రాయిలా ఉన్నాను, నాకేం?" అని ఇంటికొచ్చేసింది. నిజంగానే అలాగే ఉంది, మూడు వారాలు.

తర్వాత ఒక పొద్దున ఆయన పేజీ మధ్యలో గట్టిగా తుమ్మాడు. అద్దం అవతలినుంచి తిట్టు రాలేదు. తలెత్తి చూస్తే చెవులమ్మ మీటల మీద చేతులుంచి, ఏది నొక్కాలో తెలియక కూర్చుంది. వారం తిరిగేసరికి మాట తగ్గింది, అడుగులు చిన్నవయ్యాయి. అన్నం కలిపి పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. కోపం లేదు, నవ్వు లేదు. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉంటే ఆయనకి ఊపిరాడేది కాదు. ఆ మొహం వెనకెక్కడో తన పెళ్లాం ఇరుక్కుపోయిందనీ, తలుపెటుందో తనకి తెలియడం లేదనీ ఏడ్చేవాడు.

"మళ్లీ గొట్టంలో పెడదాం. ఆలస్యమైంది, ఎంత పనిచేస్తుందో చెప్పలేను. కొందరు నెలల మీద కోలుకుంటారు" అన్నాడు డాక్టరు.

ఈసారి పడుకోమనగానే పడుకుంది. గడియ పడినా రెప్ప వెయ్యలేదు.

"మీ ఆవిడ బంగారం సార్, అస్సలు భయపడట్లేదు" అన్నాడు గొట్టం దగ్గరి టెక్నీషియన్. పాపం, మెచ్చుకున్నాననుకున్నాడు. ఆయనకి మొదటిసారి చెమటతో తడిసి ముద్దయిన చీర గుర్తొచ్చింది.

రోజూ అంతే. ఆయన స్టూలు మీద కూర్చుని గాజులోంచి ఆ మొహాన్నే చూసేవాడు. చాలా రోజులకి చూపు ఆయన వెంట కదలడం మొదలెట్టింది. ఆ తర్వాత ఓ మధ్యాహ్నం, ఒత్తిడి పూర్తిగా ఎక్కాక, చెవులమ్మ కళ్లు పెద్దవయ్యాయి. గాజు మీద రెండు చేతులతో దబదబా బాదింది.

"ఏవండీ! తలుపు తియ్యమనండి! నాకు భయమేస్తోంది!" స్పీకరులోంచి అరుపు.

టెక్నీషియన్ కంగారుపడ్డాడు. "ఉన్నపళంగా తియ్యకూడదు సార్, ఒత్తిడి మెల్లగా దించాలి. మీరు కాస్త ధైర్యం చెప్పండి."

ఆయన గొట్టంలోకి మాట్లాడే మైకందుకున్నాడు. కథలు చదివి బతికే మనిషి, ఇన్నాళ్లకి ఆ గొంతు విని, గాజుకి చెంప ఆనించి భోరుమన్నాడు.

"ఏడుస్తారేంటి, తియ్యమనండి!" అని లోపలినుంచి తిడుతూనే ఉంది.