నీళ్లు లేవని చెప్పే మనిషి

గంగాధర మండలం చుట్టుపక్కల బోరు పాయింట్లు చూసేవాళ్లు నలుగురున్నారు. ముగ్గురు ఎక్కడికి పిలిచినా నీళ్లున్నాయనే చెబుతారు. నాలుగోవాడు తోమాసు. పది చేలకు పిలిస్తే ఏడింట్లో అడ్డంగా తల ఊపి, కొబ్బరికాయ సంచీలో వేసుకుని, చాయ్ కూడా తాగకుండా వచ్చేస్తాడు. ఇలాంటివాడికి గిరాకీ ఎలా ఉంటుందని మీకు అనుమానం రావచ్చు. బోరుబండి వచ్చి రాత్రీ పగలూ గర్జించి, చేను నిండా తెల్లటి రాతిపొడి పోసి వెళ్లిపోవడం ఒక్కసారి చూసినవాడికి ఆ అనుమానం రాదు. "తోమాసు లేవన్నడంటే ఇడిసిపెట్టు" అని అక్కడి రైతులు ఆ మాటతోనే లెక్క తెగ్గొట్టుకుంటారు.

పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి చేనంతా నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ మెల్లగా నిక్కి నిలబడుతుంది. ఎందుకు నిలబడుతుందో తోమాసుకు తెలియదు, తెలుసునని ఎన్నడూ చెప్పలేదు. చర్చిలో ఒకరిద్దరు పెద్దలు ఇదేం పనని సణిగితే, "నేను దానికి మొక్కుతలేను, కొడతలేను. ఇంటికి తెచ్చి తొక్కు నూరుకుంటున్నం" అన్నాడు. కొబ్బరి పచ్చడి మీద పెద్దలకూ అభ్యంతరం లేకపోయింది.

ఆ కాయ అతన్ని నిలువునా నగుబాటుపాలు చేసింది మాత్రం సొంత వాకిట్లోనే. తోమాసు ఇల్లు ఊరి మెరక మీద ఉంటుంది. నల్లా పైపు గుమ్మం దాకా వచ్చింది గానీ అందులో నీళ్లు మెరక ఎక్కవు. వాకిట్లో కాయ రెండుసార్లు ఠీవిగా నిలబడింది, రెండుసార్లూ బోరు వేయించాడు, రెండూ ఎండిపోయాయి. అప్పటినుంచి పదకొండేళ్లుగా అతని భార్య ప్రేమమ్మ పల్లంలోని నల్లా దగ్గర్నుంచి బిందెలు మోస్తోంది.

అలాంటి ఇంటి ముందు ఒక పొద్దున సుదర్శన్‌రావు కారు ఆగింది. ఒకప్పుడు ఆయన తండ్రి పొలంలో తోమాసు తండ్రి అరక కట్టాడు. ఇప్పుడు సుదర్శన్‌రావు వ్యవసాయం మానేసి, కొండగట్టుకు వెళ్లే దారిలో గుట్ట అంచున ఉన్న ఆ పొలాన్నే చదును చేయించి, అరవై ప్లాట్లకు రాళ్లు పాతించాడు.

"ఏం తోమాసూ, పానం మంచిగున్నదా?"

"ఉన్నది దొరా."

"ఆదివారం సంది మా వెంచర్ కాడికి రావాలె. కొనేటోళ్లు వస్తరు. వాళ్ల ముంగట ప్లాట్లల్ల నిలబడి కాయ పట్టాలె. గంతే."

"నిలబడితే నిలబడతది దొరా, లేకుంటే..."

"లేకుంటే ఏం లేదు. అరవై ప్లాట్లల్ల అరవైసార్లు నిలబడాలె."

"గా నేల కింద అంతా బండనే దొరా. మా బాపు గాడ దున్నిండు. నాకెర్కనే."

"గందుకే నీ తానకు వచ్చిన," అన్నాడు సుదర్శన్‌రావు ఏమాత్రం నొచ్చుకోకుండా. "మిగిలిన ముగ్గురిని తిప్పి చూసిన. కొనేటోళ్లల్ల ఒక్కడు గూడ నమ్ముతలేడు. నువ్వు ఉన్నయన్నవంటే మళ్ల అడిగేటోడు లేడు."

సరిగ్గా అప్పుడే ప్రేమమ్మ చంకనొకటి, నెత్తినొకటి బిందెలతో మెరక ఎక్కి వచ్చింది. సుదర్శన్‌రావు ఆమెను చూసి గొంతు తగ్గించాడు. పల్లంలో తనకు రెండు గదుల ఇల్లు ఒకటి ఖాళీగా ఉందట. నల్లా వాకిట్లోనే. బిందె పెట్టి వెనక్కి తిరిగేలోపు నిండిపోతుందట. ఇరవై వారాలు వచ్చి కాయ పట్టి చూపిస్తే ఆ ఇల్లు తోమాసు పేరున రాసిస్తాడట. ఎవరికి ఎక్కడ నొప్పో చూసి అక్కడే వేలు పెట్టడం ఆ మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య.

వద్దని చెప్పాలి. ఆ సంగతి తోమాసుకు అప్పుడే తెలుసు. ఎన్ని ఊళ్లలో ఎన్ని చేలను కాదన్నాడో లెక్కలేదు గానీ, దొరను కాదనడానికి మాత్రం నోరు పెగల్లేదు.

"ఆదివారం మాకు ప్రార్థన ఉంటది దొరా," అన్నాడు, దారి దొరికిందని లోలోపల సంబరపడుతూ.

"మరి శనివారం పెట్టుకుందాం. కొండగట్టు అంజన్న వారం. జనం ఇంకా ఎక్కువొస్తరు."

కారు వెళ్లిపోయింది. తనకు తానుగా చెప్పలేని మాటను ఎవరితోనైనా చెప్పించుకోవాలని తోమాసు సాయంత్రం పాస్టరు డేవిడ్ అయ్యగారి ఇంటికి వెళ్లాడు. కొబ్బరికాయ పట్టడం పాపమని ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆ మాట పట్టుకెళ్లి దొర ముందు పెట్టి చేతులు దులుపుకోవచ్చు. చిన్న వయసువాడు, పుస్తకాలు చదివినవాడు, అనకపోతాడా?

"మీ కోసమే కబురు పంపుదామనుకుంటున్నాను తోమాసన్నా," అన్నాడు అయ్యగారు. "ఆ కొబ్బరికాయ విషయమే."

తోమాసు ప్రాణం లేచొచ్చింది. "తప్పే అయ్యగారూ. మీరు వద్దంటే ఇయ్యాల్నే బంద్ జేస్త."

"అయ్యో, వద్దని ఎందుకంటాను?" అంటూ ఆయన లోపలికి వెళ్లి రంగుల కాగితం ఒకటి తెచ్చి మంచం మీద పరిచాడు. సుదర్శన్‌రావు వెంచర్ పటం. పదిహేడో గడి చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంది. "దీనికి అడ్వాన్సు ఇచ్చాను. శనివారం మీరు వస్తున్నారటగా. మీ నోటి మాట వింటే నాకు నిశ్చింత."

తోమాసు ఆ పదిహేడో గడి మీంచి చూపు తిప్పుకున్నాడు. "శనివారం చూద్దాం అయ్యగారూ" అని గొణిగి బయటపడ్డాడు. దారి పొడుగునా అయ్యగారి మీద కోపం వచ్చింది. పాపమనాల్సిన మనిషి పాపమనకుండా ప్లాటు కొనుక్కుని కూర్చుంటే సామాన్యుడు ఎక్కడికి పోవాలి?

ఇక చేసేదేం లేదని శుక్రవారం వంటింట్లో సాధన మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో కాయను ఎన్నడూ తానుగా నిలబెట్టలేదు. చిటికెన వేలితో కింద నుంచి ఒత్తితే చాలని మిగతా ముగ్గురు చేసే తీరు చూసి అతనికి తెలుసు. చూసినంత తేలిక కాదని ఇప్పుడు తెలిసింది. మొదటిసారి కాయ దొర్లి కాలి మీద పడింది. రెండోసారి గూట్లో ఉప్పు డబ్బాను పడేసింది. మూడోసారి నిక్కినట్టే నిక్కి, పొయ్యి మీద పప్పులోకి దూకింది. ఆ చప్పుడుకు ప్రేమమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

మొగుడు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె విని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇల్లు మంచిగుంటదా?"

"మంచిగుంటది. నల్లా వాకిట్లనే."

ఆమె ఆశ పడిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నడుం మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది.

"పదకొండేండ్ల సంది మోస్తున్న. గా బోర్ల గురించి నిన్నొక్క మాటన్న అన్ననా?"

"అనలే."

"ఎందుకనలే?"

తోమాసుకు ఎన్నడూ ఆ ప్రశ్న తట్టలేదు. తన అదృష్టం అనుకున్నాడంతే.

"రెండో బోరు ఎండిపోయిన్నాడు నువ్వు గా రాతిపొడి మీద కూసొని ఏడ్చినవ్. నమ్మే చెప్పినవని గప్పుడు తెలిసింది నాకు. నువ్వు నమ్మి చెప్పినదానికి మోసిన. గిట్ల నేర్చుకొని చెప్పినదానికి గా ఇంట్ల నల్లా తిప్పబుద్ధి గాదు."

"అయితే నువ్వు వద్దన్నవని దొరకు చెప్పనా?"

"మొదలు ఆదివారాన్ని అడ్డం పెట్టినవ్. ఆ ఎన్క అయ్యగారిని. ఇప్పుడు నన్ను పెడతవా? నోరు నీది. ముందుగాల పప్పుల కెల్లి గా కాయ తియ్యి."

శనివారం వెంచర్‌లో షామియానా వేశారు. చల్లటి నీళ్ల సీసాలు పంచారు. అంజన్న దర్శనం చేసుకుని బొట్టుతో వెంచర్ బస్సులో వచ్చినవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. భైంసా నుంచి వచ్చిన సీతాబాయి అనే పెద్దావిడ అందరికన్నా ముందు నిలబడింది. అయ్యగారు వెనక వరసలో పటం చేత్తో పట్టుకుని ఉన్నాడు. తోమాసు అప్పటికీ ఏదీ తేల్చుకోలేదు. కొత్త కొబ్బరికాయ అరచేతిలో పడుకోబెట్టి, అదే తేలుస్తుందిలే అనుకుంటూ మొదటి ప్లాటులోకి అడుగుపెట్టాడు.

కాయ పడుకునే ఉంది. సుదర్శన్‌రావు దగ్గాడు. తోమాసు ఇంకో రెండడుగులు వేశాడు. సుదర్శన్‌రావు ఇంకొంచెం గట్టిగా దగ్గాడు.

అప్పుడు కాయ కదిలింది. మెల్లగా, నిదానంగా, వంటింట్లో ఒక్కసారైనా కుదరనంత అందంగా నిలబడింది. జనం ఊపిరి బిగబట్టారు. సీతాబాయి రెండు చేతులూ జోడించింది. తోమాసుకూ ఒక్క క్షణం ఒళ్లు గగుర్పొడిచింది. తర్వాత కిందికి చూసుకుంటే చిటికెన వేలు కాయ అడుగున ఒత్తి ఉంది. తాను చెప్పకుండానే పని నేర్చేసుకుంది. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

వేలు తీసేశాడు. కాయ ధబ్బున కింద పడింది.

"నీళ్లు లేవమ్మా," అన్నాడు సీతాబాయితో. "ఇప్పుడు దాన్ని నిలబెట్టింది నా వేలు. కింద ఉన్నదంత బండనే."

"పదిహేడులోనా?" అని వెనక నుంచి సన్నగా వినిపించింది.

"పదిహేడుల గూడ లేవు అయ్యగారూ. ఆ పొద్దే చెప్పకపోతి. తప్పు నాదే."

జనం ఒక్కొక్కరే కదిలారు, కానీ బస్సు వైపు కాదు, తోమాసు వైపు. సీతాబాయి అతని చెయ్యి పట్టుకుని, తమ్ముణ్ని మరాఠీలో పిలిచినట్టు, "భావూ, భైంసాల మా చేనున్నది. వచ్చి చూడు. లేవంటే లేవనే చెప్పు" అంది. కరీంనగర్ నుంచి వచ్చినాయన ఫోన్ నంబరు అడిగాడు. వెంచర్‌లో ఆ రోజు ఒక్క ప్లాటు కూడా అమ్ముడుపోలేదు.

అందరూ వెళ్లాక సుదర్శన్‌రావు దగ్గరికి వచ్చాడు. తిడతాడని తోమాసు తల వంచుకున్నాడు. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తూర్పు మూల ప్లాటు నా ఇంటి కోసం ఉంచుకున్న. పునాది గూడ తీపిచ్చిన. గాడ ఉన్నయా?"

"లేవు దొరా."

సుదర్శన్‌రావు షామియానా కింద కుర్చీలో కూలబడ్డాడు. "ముందుగాల చెప్పొద్దా?"

"అంతా బండనే అని ఆ పొద్దే చెప్పిన దొరా. మీరే కాయ నిలబడాలె అన్నరు."

ఇంటికి వచ్చేసరికి ప్రేమమ్మ బిందెలు తోముతోంది. ఏమైందని అడగలేదు. అతని మొహం చూసి అర్థం చేసుకుంది. "పోతేపోయిందిలే" అంది గానీ, తోమిన బిందెనే మళ్లీ తోమింది. తోమాసు ఆమె చేతిలోంచి రెండు బిందెలూ తీసుకుని పల్లంలోకి దిగాడు.

నల్లా దగ్గర ఆడవాళ్లు దారి ఇచ్చి, నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక బిందె నెత్తిన పెట్టుకోవడమే అతనికి రాలేదు, వాళ్లే పట్టి పెట్టారు. సగం మెరక ఎక్కేసరికి మెడ నొప్పి పుట్టింది, చొక్కా అంతా తడిసింది. ఈ దారి ఇంత నిటారుగా ఉందని పదకొండేళ్లలో ఒక్కనాడూ అతనికి తెలియలేదు. అక్కడే ఆగి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుని మళ్లీ ఎక్కాడు.

ప్రేమమ్మ బిందెల్లోకి తొంగి చూసింది.

"సగం ఒలకవోసుకొనే వచ్చినవ్. గివి గోలెంల అడుగుకు గూడ రావు. మళ్లొకసారి పోయి రా."

తోమాసు నీళ్లు గోలెం తొట్టిలో పోసి, ఖాళీ బిందెలు తీసుకుని మళ్లీ వెళ్లాడు.