లచ్చన్న హో అంటే

దేవేందర్‌ను జర్మనీలో గోమారి కరిచిందంటే దుబాయ్ అల్ ఖూజ్ లేబర్ క్యాంపులో ఎవరూ నమ్మలేదు. గోమారి పడితే బర్రెకు పట్టాలి, గొర్రెకు పట్టాలి. మెట్‌పల్లి నుంచి వచ్చిన మనిషికి, అదీ జర్మనీలో పట్టడమేంటి?

జరిగింది మాత్రం అదే. 2006 ఎండాకాలం కంపెనీ అర్బాబ్, అంటే యజమాని, కుటుంబంతో జర్మనీ కొండలకు పోతూ, సామాన్లు మోయడానికి గోదాము నుంచి దేవేందర్‌ను తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక జ్వరం, తొడ మీద చక్రంలాంటి ఎర్ర మచ్చ. దుబాయ్ డాక్టరు గోమారి కాటుతో వచ్చే లైమ్ జబ్బని మందులిచ్చాడు. అవి అయిపోయాక, "ఖలాస్, జబ్బు పోయింది. నీరసం, కీళ్ల నొప్పులు కొన్ని నెలలు ఉంటాయి. కొంచెం పని, కొంచెం విశ్రాంతి" అన్నాడు.

జబ్బు పోయింది గానీ సామాను దేవేందర్ ఒంట్లోనే వదిలేసి పోయింది. పొద్దున మోకాల్లో ఉన్న నొప్పి మధ్యాహ్నానికి భుజంలోకి మకాం మార్చేది. టీ పెడదామని పోయి, పొయ్యి ముందు నిలబడి ఎందుకొచ్చానా అని ఆలోచించేవాడు. ఒకరోజు బాగుందని రెండింతలు మోశాడు. ఆ వారమంతా మంచం దిగలేదు.

గోదాము ముదీర్, అంటే మేనేజరు, గదికే వచ్చి తేల్చేశాడు. వచ్చే నెల మొదటి శనివారం తానే గోదాములో కూర్చుని చూస్తాడట. అందరూ పనిచేస్తుంటే దేవేందర్ ఒక్కడూ ఆగాడా, వీసా రద్దు, ఊరికి టికెట్.

కింది మంచం లచ్చన్న ఊళ్లో కోడెలకు అరక నేర్పిన మనిషి.

"గిది కొత్త కోడె ముచ్చటనేరా. అలిసినంక ఇడిస్తే తెల్లారి లేవది. అలవక ముందుగాల్నే ఇడువాలె."

"నేను కోడెనా కాకా?"

"కోడె అయితే చెప్పినట్టు ఇంటుండె."

ఇక రోజూ సాయంత్రం క్యాంపు చుట్టూ దేవేందర్ నడక. వెనక తువ్వాలతో లచ్చన్న. "హో" అంటే ఆగాలి, నాలుక చప్పుడు చేస్తే కదలాలి.

"ఇంకా అలుపు రాలే కాకా."

"అందుకే ఆగుమన్న."

పఠాన్ డ్రైవర్లు కుర్చీలు వేసుకుని మరీ చూసేవాళ్లు. పైగా రాత్రికి తవుడు జావ.

"తవుడు ఏడ దొరికింది?"

"నైఫ్ బజార్ల. పావురాల దుకాణంల. తాగు."

చిత్రంగా నడక రోజురోజుకూ సాగింది, మంచం పట్టడం తగ్గింది. అంతలో శనివారం రానే వచ్చింది.

ముదీర్ టీ కప్పుతో గోదాములో కుర్చీ వేసుకున్నాడు. అందరూ టైల్స్ పెట్టెలు మోస్తున్నారు. దేవేందర్ మోకాల్లో నొప్పి మేలుకుంది. ఆగితే ఇవాళే ఊరికి. ఆగకపోతే రేపు మంచం, ఎల్లుండి ఊరికి. ఇంకొక్క పెట్టె, ఇంకొక్కటి అని పళ్లు బిగించాడు.

అటు మూల నుంచి లచ్చన్న గొంతు, అవతలి గట్టుకు వినబడేంతగా లేచింది.

"హో... హో హో..."

దేవేందర్ ఆగాడు. చూస్తే గోదాము మొత్తం ఆగింది. వంగినవాళ్లు వంగినట్టే, ఎత్తినవాళ్లు ఎత్తినట్టే. అందరూ కోరుట్ల, జగిత్యాల వైపు అరక పట్టినవాళ్లే. ఆ మాటకు ఎద్దు ఆగితే వెనక మనిషీ ఆగాల్సిందే కదా.

"క్యా హువా?" ముదీర్ లేచాడు.

"బ్రేక్ సాబ్," అన్నాడు లచ్చన్న.

ఆగినవాణ్ణి పట్టుకుందామని వచ్చిన ముదీర్ అందర్నీ ఓసారి చూశాడు. ఎవరికని టికెట్ కొనాలి?

"పాంచ్ మినిట్. ఫిర్ యల్లా, కామ్ షురూ," అని కూర్చున్నాడు.

దేవేందర్ పెట్టె దించి దాని మీదే కూలబడ్డాడు. పక్కవాణ్ణి అడిగాడు, "నువ్వెందుకు ఆగినవే?"

"ఏమో. కాళ్లు ఆగినయ్."

సాయంత్రందాకా ఆ కేక మళ్లీ మళ్లీ వినబడుతూనే ఉంది. ఆఖరి హోకు ముదీర్ చేతిలో టీ కప్పు కూడా నోటి దగ్గరే ఆగింది. మర్నాడు పొద్దున దేవేందర్ తనంతట తానే మంచం దిగాడు. ఎదురుగా జావ గిన్నెతో లచ్చన్న.