పోశన్న ముక్కు

జగిత్యాలలో దుకాణాల బోర్డులు రాసిన ఇక్రాముద్దీన్‌కు ఖతార్‌లో నీడపట్టున పని దొరికింది. అక్కడ అల్ అజీజియా అనే పేటలో ఒక అరబ్బు పెద్దమనిషి దగ్గర పాత నాణేలున్నాయి. రోజూ పొద్దున్నే లేబర్ క్యాంప్ బస్సు దిగి, వాటిని భూతద్దంలో చూస్తూ పెన్సిల్‌తో గీయడమే అతని డ్యూటీ. పక్కన ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం తెరిచి ఉండేది. ఐదువందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక చిత్రకారుడు రోమ్ రాజుల నాణేలు వెదికి వెదికి గీసిన బొమ్మలు అందులో ఉన్నాయి.

"ఉత్త ఆర్టిస్టు కాదు, బాగ చదువుకున్నోడు," అనేది అక్కడి పని చూసే హైదరాబాదీ గౌహర్ మేడం. "రాజు మొఖం అరిగిపోతే, అదే రాజు నాణేలు ఇంకో పది దేవులాడేటోడు. ఒకదాంట్ల చెవి, ఒకదాంట్ల గడ్డం దొరికేది. యాడా దొరకనిది ఖాళీగ విడిచేటోడు. మనసుకొచ్చింది గీయొద్దు, సమజైందా?"

క్యాంపులో పక్క మంచం పోశన్నది. ప్రపంచకప్ స్టేడియంలో ఇనుము కట్టే పని. ఆరు వేసవులు ఎండలో నిలబడేసరికి అతని మొహం అరిగిపోయింది. ముందు కనుబొమలు, తర్వాత పెదాల అంచులు, చివరికి ముక్కు. ఫొటోల్లోనూ అలాగే అరిగింది. సూపర్‌వైజర్ కాస్త పెద్ద టోపీ ఇచ్చాడు.

సెలవు మీద ఇంటికి బయల్దేరితే విమానాశ్రయంలో అధికారి అరబ్బీలో "మాఫీ" అన్నాడు, అంటే కుదరదని. మొహం లేనిదే ముద్ర వేయడట.

"ఇక్రాం భాయ్, ఆ రాజులకు గీసినట్టు నాకు గీయరాదు?" అన్నాడు పోశన్న.

శుక్రవారం మధ్యాహ్నం ఇక్రాముద్దీన్ గదిలో అందరినీ అడిగాడు. అంజికి ఎడమ కనుబొమ మీది గాటు గుర్తుంది. గంగాప్రసాద్‌కు గడ్డం మీది సొట్ట. ముక్కు మాత్రం పోశన్నతో సహా ఎవరికీ గుర్తులేదు. ఊళ్లో ఉన్న అతని భార్య బాలవ్వకు ఫోన్ చేశారు.

"ముక్కా?" అంది బాలవ్వ. "ఆరేండ్లాయె అన్నా. ఎట్లుండెనో యాదికొస్తలేదు. నువ్వే మంచిగ పెట్టు."

ఖాళీగా వదిలితే విమానం ఎక్కనివ్వరు. ఇక్రాముద్దీన్ పెన్సిల్‌తో, వాళ్లు చెప్పినవాటితో పాటు తనకు తోచిన ముక్కు కూడా ఆ మొహం మీదే గీశాడు. గీత పడ్డచోటల్లా చర్మం లేచి నిలబడింది. పోశన్న తడుముకున్నాడు.

"ఇదేనా భాయ్?"

"ఇదే," అన్నాడు ఇక్రాముద్దీన్, కళ్లు తిప్పుకుని.

పాస్‌పోర్టులోనూ అదే మొహం తేలింది. పోశన్న వెళ్లిపోయాడు.

పది రోజులకు బాలవ్వ ఫోన్ చేసింది.

"నువ్వు పంపిన మనిషి మంచోడే అన్నా. సామాన్లన్నీ ఇచ్చిండు, పొలం కాడికి పోతుండు, వాకిట్లనే పండుకుంటుండు. అదిగాదు గని, ఒక్కమాట అడుగుదామని చేసిన. మా ఆయన ఖతార్ నుంచి ఎప్పుడొస్తడు?"