రెండు చిల్లుల కాసు

దిల్‌సుఖ్‌నగర్ పోయి నల్ల మఖ్మల్ గుడ్డ కొనాలి. కాసులన్నిటికీ రెండువైపులా ఫొటోలు తీయాలి. ఒక్కో కాసు ఏ రాజుదో, ఏ టంకశాలలో అచ్చయిందో చీటీ రాసి కింద పెట్టాలి. నాయనమ్మ కాసును సాయంత్రానికల్లా అద్దాల పెట్టెలో చేర్చాలి.

శనివారం వర్ష నెత్తిన ఉన్న పనులివి. బడంగ్‌పేట్‌లోని వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. మర్నాడు ఎల్‌బీ నగర్ ఫంక్షన్ హాల్లో పాత నాణేల ప్రదర్శన. దాన్ని నడిపే రాఘవేంద్ర సార్‌కు ఆమె సహాయకురాలు. నాయనమ్మ ఆండాలు మెడలోని తూర్పు రోమన్‌ల బైజాంటైన్ కాసులా ఉన్న బంగారు కాసును బతిమాలి తెచ్చింది కూడా ఆమే. దారం కోసం పై అంచున రెండు చిల్లులు, ఒకవైపు రాజు ముఖం, రెండోవైపు రెక్కల దేవత. అమ్మవారనుకుని ఆ ఇంట్లో తరతరాలుగా దానికి పసుపు పెడుతున్నారు. "వాడకట్టంత తోల్కొస్త సూడనీకి" అంది ఆండాలు, కాసు చేతిలో పెడుతూ.

సార్ దేవత కాళ్ల కింది అక్షరాలు చూసి, "బైజాంటైన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ టంకశాలే! రాసెయ్యమ్మా" అన్నారు.

వర్ష రాయకుండా భూతద్దం తీసింది. చూస్తే ఆ అక్షరాల్లో ఇంగ్లీషు 'ఎన్' తిరగబడి ఉంది. రాజు పేరుండాల్సిన చోట నిలువు గీతలు, సున్నాలు. బంగారం మేలిమిదే, తూకమూ సరిపోయింది. రాతే రాత కాదు. ఇలాంటి రాత ఆమె ఎరుగును. నాయనమ్మకు సంతకం నేర్పింది తనే. అక్షరం రాని ఆండాలు తన పేరును ముగ్గు వేసినట్టు గీస్తుంది. ఒకనాడు సున్నా ముందుకొస్తుంది, ఒకనాడు కొమ్ము వెనక్కి తిరుగుతుంది.

"ఇది అక్కడిది కాదు సార్. అక్కడి కాసు ముందల పెట్టుకుని, ఆ అక్షరాలు రాని మన అవుసలాయన ఎవరో అచ్చు చెక్కిండు. 'టంకశాల తెలియదు, ఈ దేశపు పని' అని రాస్త."

"అయితే నకిలీ. తీసెయ్."

"నకిలీ ఎట్లయితది సార్? బంగారం తక్కువ పెట్టలే కదా!"

"జనం వచ్చేది కాన్‌స్టాంటినోపుల్‌ని చూడ్డానికమ్మా, మన కంసాలిని కాదు. గమ్మున నేను చెప్పింది రాయి, పెట్టెలో ఉంచుతా."

వర్షకు ఒళ్లు మండింది. అబద్ధానికి మఖ్మల్ పరుస్తాడట, నిజానికి గుమ్మం చూపిస్తాడట! రాయనంది. కాసు పెట్టెలోంచి బయటికి వచ్చింది.

ఆదివారం ఆండాలు వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకుని దిగింది. "ఏందే, నా కాసేది?" వర్ష దాచకుండా చెప్పింది.

ముసలమ్మ తిన్నగా సార్ ముందుకు నడిచింది. "సారూ, బ్యాంకుల నేను గూడ గిట్లనే సూసి గీస్త. మరి నా సంతకం నకిలీదా? నేను నకిలీదాన్నా?"

"అది వేరండీ..." సార్ నసిగారు.

"ఏం వేరు? సదువు రానోని చెయ్యి చెయ్యి గాదా?"

వర్ష దగ్గర కాసు తీసుకుని దారానికి ఎక్కించి మెడలో వేసుకుని హాలంతా తిరిగింది. ఆడవాళ్లు అద్దాల పెట్టెలు వదిలి ఆమె చుట్టూ మూగారు. "నీ మెడనే పెట్టె అయింది గదనే అత్తా!" అని ఒకామె నవ్వింది. వర్ష తను రాస్తానన్న చీటీనే రాసి తెచ్చి నాయనమ్మ కొంగుకు పిన్నీసుతో గుచ్చింది. "టంకశాల తెలియదు. ఈ దేశపు పని."

మీకు ఎక్కడైనా అలాంటి కాసు కనబడి, అక్షరాలు తడబడి ఉంటే నవ్వకండి. చదవలేని మాటను కళ్లు చికిలించి చూసి, గీత గీతనూ బంగారంలోకి దించిన ఆ పేరు తెలియని కంసాలిని ఒక్కసారి తలుచుకోండి.